బురద పూసిన వేర్లు

ఈమధ్య మా పాత పట్టు పెంపకం సంస్థలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఇంటికి వచ్చారు. ఫోనులో ఒక మల్బరీ ఆకు ఫోటో చూపించి, "ఇదేం జబ్బు మేడం?" అని అడిగారు. వేరు ఫోటో ఉందా అన్నాను. లేదన్నారు. అయితే నాకు తెలియదన్నాను. వాళ్ళ ముఖాలు చిన్నబోయాయి. ముసలావిడకు చాదస్తం ముదిరిందనుకుని ఉంటారు. అనుకోనీ. ఆకు చూసి జబ్బు చెప్పేసే రోజులు నాకూ ఉండేవి. ఆ రోజుల్లోనే ఒక రైతు తోటను నా మాటలతో చంపాను. మీరు ఆ పని చేయకూడదని ఇది రాస్తున్నాను. చదివాక కూడా ఆకు ఫోటోలే పంపితే మీ ఖర్మ.

తొంభైల చివర నేను పెనుకొండ దగ్గర ఒక మల్బరీ నర్సరీకి ఇన్‌చార్జిని. పేరుకే ఇన్‌చార్జి. పైన ఒక ఆఫీసరు, కింద పదిమంది కూలీ ఆడవాళ్ళు, నడుమ నేను. మల్బరీ కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి మళ్ళలో గుచ్చేవాళ్ళం. నాలుగు నెలలకు వేరు పట్టి మొక్కలు నడుమెత్తుకు వచ్చేవి. వానలు పడగానే రైతులు ట్రాక్టర్లు కట్టుకుని వచ్చి తీసుకుపోయేవారు.

మొక్కలు పంపడానికి ఒక పద్ధతి ఉండేది. పీకిన మొక్క వేర్లను నాలుగు వేళ్ళ పొడవు ఉంచి కత్తిరించాలి. ఎర్రమట్టి బురదలో ముంచాలి. వంద మొక్కలు కట్ట కట్టి తడి గోనెపట్టా చుట్టాలి. బురద ఉంటే దారిలో వేరు ఎండదు. పద్ధతి మంచిదే, నేనేమీ తప్పు పట్టను. కాకపోతే రైతు చేతికి అందేసరికి వేరు కనిపించదు, మట్టిముద్ద కనిపిస్తుంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

బురద పని ఒక పెద్దావిడది. నర్సరీ పెట్టిననాటి నుంచి ఆమే చేసేది. అందరం అవ్వా అని పిలిచేవాళ్ళం. మోచేతుల దాకా ఎర్రటి చేతులతో, ఎవరికీ జంకకుండా మాట్లాడేది. ఆఫీసరు గారు మాత్రం అన్నిటికీ జంకే మనిషి. చెడ్డవాడు కాడు. పైనుంచి కాగితం వచ్చిందంటే చాలు, దున్నపోతు ఈనిందన్నా దూడను కట్టేసే రకం.

ఒకసారి నన్ను పదిరోజుల శిక్షణకు మైసూరు పంపారు. ఒక మధ్యాహ్నం పాఠం చెప్పడానికి వచ్చిన ఆయన తెర మీద పైన్ చెట్ల బొమ్మలు వేశాడు. పచ్చటి అడవి, నడుమ ఎర్రగా ఎండిన చెట్లు. కంటికి ఆనని నులిపురుగులు చేసిన పని అది అన్నాడు. ఒక పెంకుపురుగు మోసుకొచ్చి చెట్టు మీద వదిలితే, అది కొరికిన గాయంలోంచి లోపలికి దూరతాయట. మానులో జిగురు పారే కాలువలుంటాయి. వాటి గోడల్లోని కణాలను పీల్చి తింటూ పెరుగుతాయట. జిగురు కాలువలు పాడైపోతాయి, నీరు ఎక్కే దారులు మూసుకుపోతాయి. వేర్ల కింద నీళ్ళు ఉన్నా చెట్టు దాహంతో చస్తుంది. చూస్తుండగానే సూదుల్లాంటి ఆకులన్నీ ఎర్రబడిపోతాయి. మన వైపు చెట్లకు నులిపురుగులు ఎక్కువగా వేరులో చేరతాయి గానీ, చివరికి జరిగేది ఇదే, నీటి దారి మూతపడడమే, అని కూడా అన్నాడు.

ఆ చివరి మాట నేను సరిగా వినలేదు. పక్కనున్న ఆమె చెవిలో, "మా పెనుకొండ కొండ మీద తుమ్మచెట్టు బతకడమే గొప్ప, పైన్ చెట్టు యాడిది తల్లీ!" అని నవ్వుతున్నాను. నోట్సులో ఆ పేజీలో ఒక చెట్టు బొమ్మ గీసి, దాని కింద మధ్యాహ్నం భోజనంలో ఏమేం పెట్టారో రాసుకున్నాను. ఆ నోట్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది. సిగ్గు తగ్గినప్పుడల్లా తీసి చూసుకుంటాను.

ఇక నా తెలివి చూడండి. మొక్కలు పంపాక మళ్ళు రెండు మూడు నెలలు ఖాళీగా ఉండేవి. నేల ఊరికే పడి ఉండడమెందుకు, టమాటా పెట్టిద్దాం అన్నాను. అందరికీ నచ్చింది. కూలీ ఆడవాళ్ళు ఒళ్ళో వేసుకుపోయారు. ఆఫీసరు గారి ఇంటికి బుట్టలతో పోయాయి. మా ఇంట్లో ఊరుబిండి పచ్చడి రోజూ నూరాల్సిందే. రెండేళ్ళు అలా నడిచింది.

రెండో ఏడు టమాటా చెట్లు పీకేస్తున్నప్పుడు అవ్వ ఒక చెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. "ఏందమ్మా ఈ గడ్డలు? ఏరంతా జపమాల మాదిరి ఉండాది" అంది.

అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్ళకు వేరు మీద బుడిపెలంటే ఒక్కటే తెలుసు. వేరుశనగ చెట్టు పీకితే వేరుకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. అవి నేలకు బలం పట్టే బుడిపెలు. ఎక్కువుంటే పంట బాగుందని అర్థం. మా నాయన చేనులో చెట్టు పీకి, బుడిపెలు చూసి, మీసం దువ్వుకునేవాడు. నేను కూడా అవ్వతో అదే ధీమాగా, "చెనిక్కాయ చెట్టుకు ఉండవా అవ్వా, అవే ఇవి. నేల సత్తువ పట్టిందిలే" అన్నాను. చదువుకున్న మేడం చెప్పింది కదా, అవ్వ నమ్మింది. ఆ మళ్ళలోనే మళ్ళీ మల్బరీ కొమ్మలు గుచ్చాం. రైతులకు పంపాం.

అలా తీసుకుపోయినవాళ్ళలో బత్తలపల్లి దగ్గరి రైతు ఒకడు. అతనిది నేత కుటుంబం. అన్నలు ధర్మవరంలో చీరలు నేస్తారు. ఇతను తన మగ్గం అమ్మేసి, పట్టు నేయడం కంటే పట్టు పండించడం మేలని, ఉన్న ఎకరా పొలంలో మా మొక్కలు నాటాడు. ఏడాది తిరగకముందే తోట పాలిపోతోందని కబురు పెట్టాడు. వెళ్ళాను. మొక్కలు గిడసబారి ఉన్నాయి. ఆకు అంచులు పసుపు. పట్టుపురుగులు నాలుగో జ్వరం దాటి, అంటే నాలుగోసారి కుబుసం విడిచి, మేత మీద పడే సమయానికి కోయడానికి ఆకు లేదు. గట్టు మీద నిలబడి, రెండు ఆకులు తుంచి, ఎండకు పట్టి చూశాను.

"నీళ్ళు తక్కువైనాయి. తడి పెంచు. కొంచెం యూరియా వెయ్యి" అన్నాను.

"నీళ్ళు బాగనే పెడతాండా మేడం. తాగేకొద్దీ దప్పి దప్పి అంటాండాది ఈ చెట్టు" అన్నాడు.

అతను చెప్పిందే రోగం పేరు. నేను వినలేదు. ఆకు కోసమే చేసే వ్యవసాయం మాది. పురుగు ఆకు తింటుంది, కాబట్టి అందరం ఆకే చూస్తాం. ఒకసారి నాటితే పదేళ్ళకు పైగా నిలిచే తోట, పచ్చటి చెట్టును పీకి వేరు చూడడమంటే అపశకునం కింద లెక్క. రైతు పీకడు, మేమూ పీకమనం. అతను నా మాట విని నీళ్ళు పెంచాడు. ఆ నీళ్ళే రోగాన్ని పై మడి నుంచి కింది మడికి మోసుకుపోయాయి.

రెండు నెలల తర్వాత అతను బస్సులో పెనుకొండ వచ్చాడు. చేతిలో గోనెసంచి. నా బల్ల మీద ఒక మల్బరీ చెట్టును వేర్లతో సహా పడేశాడు. కాగితాల మీదంతా మట్టి రాలింది.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంట. ఆకు జూసి నీళ్ళంటివి. ఇప్పుడు ఏరు జూసి చెప్పు ఏమైనాదో. మగ్గం అమ్ముకోవద్దురా అన్నారు మా అన్నోళ్ళు. నిన్ను నమ్మి అమ్మినా."

అవ్వ తొట్టి దగ్గరకు తీసుకుపోయి వేరు కడిగింది. పొడుగునా గడ్డలు. నేను నోరు తెరిచేలోపే ఆమె ఒక గడ్డను గోటితో గిల్లింది. ఊడి రాలేదు. ఇంకోటి గిల్లింది. రాలేదు.

"అమ్మా, చెనిక్కాయ బుడిపె గోరు తగిల్తే ఊడొస్తాది. ఇది రాదేందమ్మా? ఇది ఏరుకు పట్టింది కాదు, ఏరే వాసింది" అంది.

 పైన్ చెట్ల బొమ్మ అప్పుడు గుర్తొచ్చింది, మన వైపు అవి వేరులో చేరతాయన్న ఆయన చివరి మాట కూడా. వేరు కొనలోంచి నులిపురుగు లోపలికి పోతుంది. నీరు పారే నాళాల పక్కన మకాం వేస్తుంది. అక్కడి కణాలను మామూలుకన్నా ఎన్నో రెట్లు ఉబ్బేలా చేసి, వాటినే మేస్తూ కదలకుండా కూర్చుంటుంది. వేరు వాచి గడ్డ కడుతుంది, నీటి దారి వంకరపోయి మూసుకుంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత? టమాటా దానికి ఇష్టమైన మేత. రెండేళ్ళు మేత వేసి పెంచింది నేను. కొమ్మలు గుచ్చి ఊరూరా పంచింది నేను. ఆ రైతుకు అదంతా చెప్పి, చేతులు జోడించాను. అతను నా చేతుల వంక కూడా చూడలేదు. సంచి దులుపుకుని వెళ్ళిపోయాడు.

వెంటనే మళ్ళలోకి వెళ్ళి, పంపడానికి సిద్ధంగా ఉన్న మొక్కలను అక్కడక్కడా పీకి కడిగాం. ఎక్కడ పీకినా గడ్డలే. ఆ వేర్లు పట్టుకుని ఆఫీసరు గారి గదికి వెళ్ళాను. ఆయన చూసి, లేచి వెళ్ళి తలుపు దగ్గరకు వేసి వచ్చారు.

"పై ఆఫీసుకు ఒప్పుకున్న మొక్కలివి. రైతులకు చీటీలు కూడా రాశాం. ఎలాగూ వేరు కత్తిరించి బురద పూస్తాం కదా, ఎవరికి తెలుస్తుంది? ఈ ఏడాదికి పోనీ, వచ్చే ఏడు జాగ్రత్తపడదాం" అన్నారు.

"మొక్కను పీకొచ్చు సార్. ఈ పురుగు ఒకసారి నేలలో దిగితే, ఆ నేలను పీకలేం."

"టమాటా ఎవరు వేయించారో నీకు గుర్తుందా? ఇది బయటపడితే నీ మెడకే చుట్టుకుంటుంది."

"గుర్తుంది సార్. మీ ఇంట్లో పప్పులోకి ఎన్ని బుట్టలు వచ్చాయో కూడా గుర్తుంది."

అది అనాల్సిన మాట కాదు. అన్నందుకు బాధ మాత్రం లేదు. ఆయన చీటీల పుస్తకం నా ముందుకు తోశారు. ప్రతి చీటీ కిందా ఒక అచ్చు వాక్యం ఉండేది, మొక్కలు వేరుతో సహా ఆరోగ్యంగా ఉన్నవి అని. దాని కింద ఇన్‌చార్జి సంతకం. నేను పుస్తకాన్ని వెనక్కి తోశాను. సంతకం పెట్టనన్నాను. సంతకం లేకపోయినా మొక్కలు పోతాయి, చూస్తూ ఉండు అన్నారాయన.

మూడో రోజు పొద్దున ఆమడగూరు నుంచి ట్రాక్టరు వచ్చింది. రైతు ముస్లిం ఆయన, నలభై ఏళ్ళుంటాయి. తండ్రి తాతల నుంచి వానకు వేరుశనగ వేసుకునే కుటుంబం. ఆ ఏడే బోరు పడింది. వేరుశనగ వేయడం మానేసి, రెండెకరాలు దున్ని, సాళ్ళు తీసి, ఎరువు తోలి పెట్టుకుని వచ్చాడు. అతని వెనకే ఇంకో రెండు ఊళ్ళ రైతులు. కట్టలన్నీ గోనెపట్టాలు చుట్టి షెడ్డులో వరుసగా పేర్చి ఉన్నాయి. ఆఫీసరు గారు సంతకం లేని చీటీ అతని చేతికిచ్చి, ఎక్కించుకో అన్నారు.

కట్టలు కట్టింది అవ్వే. కట్టకపోతే కూలి పని పోతుందని ఆమెకు భయం, నేను తప్పు పట్టలేదు. నేనే వెళ్ళి ట్రాక్టరు ముందు నిలబడి, "ఎవరైనా ఒక బకెట్టు నీళ్ళు తేండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. ఆఫీసరు గారు అక్కడే ఉన్నారు మరి. అప్పుడు అవ్వ చెంగు దోపుకుని తొట్టి దగ్గరకు నడిచింది.

"నువ్వెందుకు పోతాండావు? కూర్చో!" అని ఆయన అరిచారు.

"నా చేత్తో పూసిన బురద సారూ. నా చేత్తోనే కడుగుతా. ఆ మాత్రానికి నీ పర్మిషన్ యాల?" అంది.

ఒక కట్ట విప్పి, గుప్పెడు మొక్కలు తీసి బకెట్టులో ముంచి ఎత్తింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. కత్తిరించిన నాలుగు వేళ్ళ వేరు మీద కూడా గడ్డలు స్పష్టంగా ఉన్నాయి. ఆమడగూరు రైతు వంగి చూసి తేలిగ్గా నవ్వాడు.

"ఇవేనా మేడం? మా చెనిక్కాయ చెట్టుకు ఉండవా? మంచివే గదా."

రెండేళ్ళ క్రితం నేనన్న మాట, అచ్చం నా గొంతుతోనే అన్నట్టు వినిపించింది. "గోటితో తీసి చూడు భాయ్" అన్నాను. గిల్లాడు. రాలేదు. గట్టిగా గిల్లితే వేరు తెగింది గానీ గడ్డ ఊడలేదు. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు అందరి ముందూ చెప్పాను. టమాటా వేయించింది నేనే, గడ్డలు మంచివన్నది నేనే, బత్తలపల్లి తోట పాడైంది నావల్లే. ఈ మొక్క మీ నేలలో పెడితే మీ బిడ్డల కాలానికి కూడా ఆ పురుగు పోతుందని చెప్పలేను. ఇవ్వను. నా ఉద్యోగం తీసేసినా ఇవ్వను.

నాకు దండలు వేస్తారని అనుకోలేదు గానీ, అంత తిడతాడని కూడా అనుకోలేదు. "మరి నా చేను ఏం జేయాల? చెనిక్కాయ ఇత్తే అదును పోయింది. బోరు ఏపిచ్చి, సాళ్ళు తీసి కూర్చున్నా. ముందే చెప్పేకి నోరు రాలేదా నీకు?" అని ఊరంతా వినపడేలా అరిచాడు. ప్రతి మాటా న్యాయమే. తల ఎత్తుకునే విన్నాను. చివరికి కట్టను కాలితో తన్ని, చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఖాళీ ట్రాక్టరు తిప్పుకుని వెళ్ళాడు. వెనకున్నవాళ్ళు కూడా ఒక్క మొక్క తీసుకోలేదు. ఆఫీసరు గారు షెడ్డులో ఆ కట్టల నడుమ కూర్చుండిపోయారు. ఆయన మీద జాలి వేసింది.

వారానికి నాకు మెమో వచ్చింది. జవాబు నాలుగు వాక్యాలు రాశాను. టమాటా వేయించడం నా తప్పు. గడ్డలను మంచివని చెప్పడం నా తప్పు. మొక్కలు ఇవ్వకపోవడం తప్పు కాదు. మొదటి రెంటికి ఏ శిక్షయినా వేయండి, మూడోదానికి వేస్తే ఒప్పుకోను. వాళ్ళు దేనికి ఏ శిక్షో చెప్పకుండా, నన్ను హిందూపురంలో పట్టుగూళ్ళు వేలం వేసే చోటికి బదిలీ చేశారు. మొక్కన్నది కంటికి కనిపించని సిమెంటు హాలు. గూళ్ళ రాశులు, తూకాలు, కన్నడం తెలుగు కలిసిన కేకలు. మొక్కల మనిషిని మొక్కలకు దూరంగా పెడితే కుంగిపోతుందనుకున్నారు. నేను కుంగలేదు. ఏ రైతు గూళ్ళు పలచగా వచ్చినా, "తోటలో ఒక చెట్టు పీకి వేరు కడిగి చూడప్పా" అని చెప్పేదాన్ని. కొందరు నన్ను ఎగాదిగా చూసి, ఈమెకేదో పట్టింది అనుకుని పోయేవారు. కొందరు పీకి చూశారు.

నర్సరీలో మొక్కలన్నీ పీకి కాల్చేశారు. వేసవిలో మళ్ళు లోతుగా దున్ని ఎండబెట్టి, వేపపిండి వేసి, ఆ తర్వాత బంతి పెట్టారని అవ్వ చెప్పి పంపింది. బంతి వేర్ల దగ్గర ఆ పురుగు బతకలేదు. "పూలు బాగనే పూసినాయి, సారు ఇంటికి మాత్రం పంపలేదు" అని కూడా చెప్పమందట. బత్తలపల్లి రైతు తోట తీసేశాడు. ధర్మవరంలో అన్న మగ్గం మీద కూలికి కూర్చున్నాడు. ఒకసారి ఆ వీధికి వెళ్ళాను. మగ్గం ఆపకుండానే, "ఏం మేడం, బాగుండావా?" అన్నాడు.  

ఐదారేళ్ళ తర్వాత ఒక పొద్దున హాల్లో నా బల్ల మీద మట్టి రాలింది. తలెత్తితే ఆమడగూరు రైతు. గడ్డం కొంచెం నెరిసింది. వెనక గోనెల్లో గట్టి, తెల్లటి గూళ్ళు. బల్ల మీద పచ్చటి మల్బరీ చెట్టు, వేర్లతో సహా. పచ్చటి చెట్టును పీకని రైతు పీకి తెచ్చాడు.

"ఆ ఏడంతా నా చేను బీడు పడింది. ఆ కోపం యింకా పోలేదు మేడం. మర్సటేడు కర్ణాటక బార్డర్లో మా బంధువుల తోట నుంచి కొమ్మలు తెచ్చి నేనే మొక్కలు కట్టుకుంటి. ఆ తోటలో చెట్టు పీకి, కడిగి, గోరు పెట్టి జూసినాకనే తెచ్చినా" అన్నాడు. చొక్కా జేబులోంచి మడతలు చిరిగిపోతున్న కాగితం తీశాడు. సంతకం లేని ఆ చీటీ. "ఇప్పుడన్నా పెట్టు, సంతకం."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వేర్ల నిండా మట్టి ఉంది.

"ముందు కడుక్కురా భాయ్" అన్నాను.

నా వంక ఒక క్షణం చూసి, పకపకా నవ్వి, పంపు దగ్గరకు వెళ్ళి కడుక్కొచ్చాడు. పెద్ద వేరు, పిల్ల వేరు, కొన దాకా గోరు పెట్టి జరిపాను. ఎక్కడా ఏమీ తగల్లేదు. చీటీ మీద పాత తేదీ కొట్టేసి, ఆ రోజు తేదీ వేసి, మొక్కలు వేరుతో సహా ఆరోగ్యంగా ఉన్నవి అన్న అచ్చు వాక్యం కింద సంతకం పెట్టాను.